పడకసీను దగ్గర ఆగిపోయిన చదువు: ఉద్యోగపర్వం, మౌసలపర్వాల వెలుగులో నేటి కూటముల రాజనీతి

వ్యాససంగ్రహం:
ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాతి కాలంలో దేశాల మధ్య కూటములు వేగంగా మారుతున్నాయి. ఈ సందర్భంలో భారతదేశ విదేశాంగ నీతిని సమర్థించడానికి మహాభారతాన్ని రాజనీతి గ్రంథంగా ఉదాహరించడం ఎక్కువైంది. అయితే ఈ ఉదాహరణలు చాలావరకు ఉద్యోగపర్వంలోని ఎత్తుగడలకే పరిమితమవుతున్నాయి. ఆ ఎత్తుగడల పర్యవసానాన్ని చెప్పే ద్రోణ, శల్య, మౌసల పర్వాలు వీటిలో చోటు చేసుకోవడం లేదు. ద్రుపదుని సలహా, శల్యుని వరం, బలరాముని తటస్థత, యాదవుల విభజన అనే నాలుగు ఘట్టాలను ఆధారం చేసుకుని ఆ చదువులోని లోపాన్ని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఉద్యోగపర్వం, మౌసలపర్వం, తిక్కన, తటస్థత, కూటమి, అలీనత, బహుపక్ష మైత్రి.

1. ఉపోద్ఘాతం:

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తాయి. దశాబ్దాలుగా సైనిక కూటములకు దూరంగా ఉన్న ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లోను, స్వీడన్ 2024 మార్చిలోను నాటోలో చేరాయి. దానితో ఆ కూటమి సభ్యదేశాల సంఖ్య 32కు చేరింది. 2024 జూన్‌లో రష్యా, ఉత్తర కొరియాలు పరస్పర సైనిక సహాయానికి ఒప్పందం చేసుకున్నాయి. చిరకాల వైరం గల సౌదీ అరేబియా, ఇరాన్‌లు 2023 మార్చిలో చైనా మధ్యవర్తిత్వంతో బీజింగ్‌లో రాజీకి వచ్చాయి. 2024 నుంచి ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, 2025లో ఇండోనేషియా బ్రిక్స్‌లో చేరాయి. భారతదేశం అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కలిసి క్వాడ్‌లో ఉంది. రష్యా, చైనాలతో కలిసి బ్రిక్స్‌లోను, షాంఘై సహకార సంస్థలోను ఉంది.

ఇలా పలు పక్షాలతో ఏకకాలంలో మైత్రి నెరపే విధానాన్ని ఈ వ్యాసంలో ‘బహుపక్ష మైత్రి’ అని వ్యవహరిస్తున్నాను. నెహ్రూ కాలపు అలీనతకూ దీనికీ భేదం ఉంది. అలీనత కూటములకు వెలుపల నిలబడే విధానం. బహుపక్ష మైత్రి వేర్వేరు కూటములలో, బృందాలలో ఒకేసారి కాలుమోపే విధానం. దీనికి భారతీయమైన తాత్త్విక ప్రాతిపదికను చూపే ప్రయత్నాలలో మహాభారతానికి ప్రముఖస్థానం లభిస్తోంది. విదేశాంగ మంత్రి ఎస్. జయశంకర్ 2020లో ప్రచురించిన ‘ది ఇండియా వే’ గ్రంథంలో కృష్ణుని ఎంపిక పేరిట ఒక అధ్యాయమే ఉంది. మహాభారతాన్ని భారతీయ రాజనీతి చింతనకు ఆకరంగా స్వీకరించడం ఆ అధ్యాయానికి మూలం. ఆ తరువాత పత్రికా వ్యాసాలలో, సదస్సులలో ఈ ధోరణి మరింత విస్తరించింది.

ఇతిహాసాన్ని రాజనీతి కోసం చదవడం తప్పు కాదు. ఎంతవరకు చదివి ఆపుతున్నాం అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. తెలుగులో ఉద్యోగపర్వ స్వీకరణ:

సంధి, విగ్రహం, రాయబారం వంటి మాటలు తెలుగు పాఠకునికి రాజనీతి పాఠ్యగ్రంథాల ద్వారా వచ్చినవి కావు. చిన్నయసూరి మిత్రలాభ, మిత్రభేదాలను, కందుకూరి వీరేశలింగం సంధి, విగ్రహాలను తెనిగించడం వల్ల అవి బడిపిల్లల నోళ్లకు కూడా ఎక్కాయి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల వల్ల ఉద్యోగపర్వ కథ పల్లె పల్లెకూ చేరింది. పడకసీను, రాయబారం సీను ప్రేక్షకులు కోరి మళ్లీ మళ్లీ పాడించుకున్న ఘట్టాలు.

ఈ రంగస్థల ఖ్యాతి మన చదువును ఒక దిశగా మలిచింది. పడకసీనులో ప్రేక్షకుని ఆనందమంతా అర్జునుని ఎంపికలోని తెలివి మీద, సుయోధనుడు మోసపోయిన తీరు మీద నిలుస్తుంది. సుయోధనుని వెంట వెళ్లిన సైన్యం ఏమైందన్న ప్రశ్న రంగస్థలం మీద తలెత్తదు. నేటి రాజనీతి వ్యాఖ్యానాలు కూడా తెలిసో తెలియకో ఈ రంగస్థలపు చదువునే అనుసరిస్తున్నాయి. తెర పడిన చోటే విశ్లేషణ ముగుస్తోంది.

తిక్కన సోమయాజి చదువు ఇటువంటిది కాదు. ఆయన నెల్లూరి మనుమసిద్ధికి మంత్రి. మనుమసిద్ధి రాజ్యం కోల్పోయినప్పుడు తిక్కన ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సహాయం కోరాడని, ఆ సహాయంతో మనుమసిద్ధి తిరిగి రాజ్యం పొందాడని సిద్ధేశ్వర చరిత్ర మొదలైన గ్రంథాలు చెబుతున్నాయి. బలవంతుని సహాయంతో నిలిచిన రాజు ఆ బలవంతునికి ఎంతవరకు కట్టుబడి ఉండవలసి వస్తుందో ఇటువంటి మంత్రికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన విరాటపర్వం నుంచి స్వర్గారోహణపర్వం దాకా పదిహేను పర్వాలను ఆంధ్రీకరించాడు. కూటములు కట్టిన కథనూ, అవి కూలిన కథనూ ఒకే కవి గొంతుతో వినే అవకాశం తెలుగు పాఠకునికి ఉంది. కాబట్టి ఉద్యోగపర్వాన్ని మౌసలపర్వంతో జతచేసి చదవడం తెలుగు విమర్శకు సహజమైన పని.

3. ద్రుపదుని సలహా – తొందర పెంచే భయం:

ఉపప్లావ్యంలో అభిమన్యుని వివాహానంతరం జరిగిన సభలో బలరాముడు సామమార్గాన్ని సూచిస్తాడు. సాత్యకి దానిని తీవ్రంగా ఖండిస్తాడు. ద్రుపదుడు చేసిన సూచన ఆచరణాత్మకమైనది. రాజులు తమను ముందుగా అర్థించినవారి పక్షం వహిస్తారు, కాబట్టి సుయోధనుని కంటె ముందే అందరికీ దూతలను పంపాలన్నది దాని సారాంశం. అదే ద్రుపదుడు తన పురోహితుని సంధి ప్రయత్నానికి హస్తినకు పంపిస్తాడు.

సంధి యత్నమూ సేనాసమీకరణమూ ఒకేసారి మొదలయ్యాయన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. పాండవుల దృష్టిలో సేనాసమీకరణ కేవలం జాగ్రత్త. హస్తిన నుంచి చూస్తే అది యుద్ధసన్నాహం. సుయోధనుడు కూడా వెంటనే దూతలను పంపి, తానే ద్వారకకు బయలుదేరుతాడు. చివరికి ఒకవైపు ఏడు, మరొకవైపు పదకొండు అక్షౌహిణులు చేరాయి. అంత సైన్యం ఎదురెదురుగా నిలిచాక అయిదు ఊళ్ల ప్రతిపాదనకు బలం తగ్గింది. ఒకరి ఆత్మరక్షణ మరొకరికి ముప్పుగా కనిపించే ఈ పరిస్థితిని అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం ‘భద్రతా సంకటం’గా చర్చిస్తుంది.

నాటో విస్తరణను తన దండయాత్రకు కారణాలలో ఒకటిగా రష్యా చెప్పుకొంది. ఆ దండయాత్రే ఫిన్లాండ్‌ను నాటోలోకి నెట్టింది. ఫలితంగా సుమారు 1,340 కిలోమీటర్ల కొత్త సరిహద్దు వెంట రష్యాకు నాటో పొరుగైంది. దండయాత్రకు బాధ్యత రష్యాదే. ఉద్యోగపర్వం కూడా సుయోధనుని లోభాన్ని ఎక్కడా మన్నించదు. కాని దోషి ఎవరో తేల్చినంత మాత్రాన కూటములు పెరిగే క్రమం అర్థం కాదు. ఈ రెండింటినీ వేరువేరుగా చూపడం ఉద్యోగపర్వంలోని రాజనీతి పరిణతి.

4. శల్యుని వరం – ఆతిథ్యం ఋణంగా మారే తీరు:

మద్రరాజు శల్యుడు మాద్రికి సోదరుడు, నకులసహదేవులకు మేనమామ. అతడు బయలుదేరింది పాండవుల కోసమే. దారి పొడుగునా సుయోధనుడు విడిదులు కట్టించి, ఘనంగా సత్కారాలు ఏర్పాటు చేశాడు. అది ధర్మరాజు చేసిన ఏర్పాటని భ్రమించి శల్యుడు సంతోషంతో వరమిస్తానన్నాడు. ఎదుటికి వచ్చి వరం అడిగినవాడు సుయోధనుడు. ఆ తరువాత శల్యుడు ధర్మరాజును కలిసి, కర్ణునికి సారథి అయినప్పుడు అతని ఉత్సాహాన్ని తగ్గిస్తానని మరో మాట ఇచ్చాడు.

శల్యుని కథను సాధారణంగా మోసానికి ఉదాహరణగా చెబుతారు. అయితే ఈ ఘట్టంలో మోసం కంటె ముఖ్యమైనది, సత్కారం ఒక దశ దాటాక ఋణంగా మారడం. విడిదిలో దిగిన మొదటిరోజున శల్యునికి ఏ షరతూ కనిపించలేదు. షరతు కనిపించేసరికి తిరిగి వెళ్లే వీలు లేకపోయింది. రెండు పక్షాలకూ మాట ఇచ్చి, రెండు మాటలూ నిలబెట్టుకోవడం అతని ప్రత్యేకత. కాని దాని వల్ల అతడు ఎవరికీ పూర్తిగా ఆప్తుడు కాలేకపోయాడు. పద్దెనిమిదవ రోజున, ఏ ధర్మరాజుకు సాయం చేస్తానని బయలుదేరాడో అతని చేతిలోనే మరణించాడు.

2022కు ముందు భారతదేశపు ముడిచమురు దిగుమతులలో రష్యా వాటా చాలా స్వల్పం. పాశ్చాత్యదేశాల ఆంక్షల తరువాత రష్యా తగ్గింపు ధరకు అమ్మసాగింది. కొద్దికాలంలోనే ఆ వాటా మూడోవంతును దాటింది. ధరలు మండిపోతున్న రోజులలో ఒక పెద్ద దేశం తన ప్రజలకోసం చౌక చమురు కొనడాన్ని తప్పుపట్టడం కష్టం. అయితే 2025 ఆగస్టులో అమెరికా ఆ కొనుగోళ్లనే కారణంగా చూపి భారతీయ సరుకులపై 25 శాతం అదనపు సుంకం విధించింది. అప్పటికే ఉన్న సుంకంతో కలిపి అది 50 శాతమైంది. భారతదేశపు రొయ్యలకు అమెరికా ప్రధాన విపణి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. చౌక చమురు వల్ల లాభం ఒకచోట జమ అయితే, దాని ఖర్చు గోదావరి జిల్లాల చెరువుగట్లకు చేరింది.

శల్యునికీ భారతదేశానికీ ఇక్కడ పోలిక లేదు. చమురు వ్యాపారంలో మోసం లేదు, షరతులు తెలియనివీ కావు. కాని ఒక పక్షంతో కుదిరిన సౌకర్యం మరొక పక్షం దృష్టిలో ఎప్పుడు పక్షపాతంగా మారుతుందో నిర్ణయించే అధికారం మన చేతిలో లేదు. బహుపక్ష మైత్రిని సమర్థించే వ్యాఖ్యానాలు ‘స్వేచ్ఛగా ఎంచుకునే శక్తి’ని చెప్పినంతగా ఈ పరిమితిని చెప్పవు.

5. బలరాముడు, రుక్మి – తటస్థతలోని తారతమ్యం:

కురుక్షేత్ర సంగ్రామానికి దూరంగా నిలిచిన ప్రముఖులు ఇద్దరు, బలరాముడు, రుక్మి. వీరిద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. రుక్మి ఒక అక్షౌహిణితో పాండవుల వద్దకు వచ్చి, భయపడుతున్నట్లయితే సాయం చేస్తానన్నాడు. అర్జునుడు అక్కరలేదన్నాడు. తరువాత సుయోధనుని వద్దకు వెళితే అతడూ నిరాకరించాడు. రుక్మి తటస్థత అతడు కోరుకున్నది కాదు, అతనికి మిగిలినది. తన అవసరాన్ని ఎక్కువగా అంచనా వేసుకున్న శక్తికి ఇరుపక్షాలలోను చోటు లేకుండా పోవచ్చునని ఆ ఘట్టం చెబుతుంది.

బలరామునికి ఇరుపక్షాలలోను గౌరవం ఉంది. భీమ, దుర్యోధనులిద్దరికీ గదావిద్య నేర్పిన గురువు. ఆయన మాట ఇరువురూ వినే అవకాశం ఉంది. కాని ఆయన తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి యుద్ధంలో మిగిలింది గదాయుద్ధమొక్కటే. భీముడు నియమం తప్పి తొడల మీద కొట్టినప్పుడు బలరాముడు నాగలి ఎత్తి ఆగ్రహించాడు. ఆయన చెప్పిన ధర్మం సరైనదే. కాని అంతకు ముందు పదిహేడు రోజులలో భీష్మ, ద్రోణ, కర్ణుల పతనాలలో తప్పిన నియమాల గురించి చెప్పడానికి ఆయన అక్కడ లేడు. తటస్థుడు చివరిరోజున వచ్చి నియమం గుర్తుచేస్తే దానికి బలం ఉండదు.

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో రష్యా చర్యను ఖండించే తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 దేశాలు వ్యతిరేకంగా ఓటువేశాయి. భారతదేశంతో సహా 35 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. దూరంగా ఉండడాన్ని పిరికితనమనడం తొందరపాటు. ఇరుపక్షాలతో మాట్లాడే అర్హతను నిలుపుకోవడమే దాని ఉద్దేశమని సమర్థకులు చెబుతారు. ఆ వాదనను అంగీకరించినా, అలా నిలుపుకున్న అర్హతతో ఏం చేశారన్న ప్రశ్న మిగులుతుంది. 2022 సెప్టెంబరులో సమర్‌కండ్‌లో భారత ప్రధాని రష్యా అధ్యక్షునితో ఇది యుద్ధాల కాలం కాదని బహిరంగంగా చెప్పారు. ఆ మాటకు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు లభించింది. కాని దాని వెనుక నిలకడ గల మధ్యవర్తిత్వ యంత్రాంగం ఏర్పడలేదు.

అలీనత తొలినాళ్లలో ఇటువంటి యంత్రాంగం ఎలా ఉంటుందో భారతదేశమే చూపింది. కొరియా యుద్ధంలో ఖైదీల అప్పగింత సమస్య సంధికి అడ్డుగా నిలిచినప్పుడు, 1952లో ఐక్యరాజ్యసమితిలో భారత ప్రతినిధులు ఒక పరిష్కారాన్ని ప్రతిపాదించారు. 1953లో ఏర్పడిన తటస్థ దేశాల సంఘానికి భారతదేశమే అధ్యక్షత వహించింది. జనరల్ తిమ్మయ్య ఆ సంఘాధ్యక్షుడు కాగా, మేజర్ జనరల్ థోరట్ నాయకత్వంలో భారతసేన అక్కడికి వెళ్లి ఖైదీల బాధ్యత స్వీకరించింది. ఆనాటి భారతదేశానికి నేటి ఆర్థికబలం లేదు. ఇరుపక్షాల నిందా భరించవలసి వచ్చింది. అయినా తటస్థత అక్కడ ఒక పనిగా మారింది. దూరంగా నిలిచిన బలరామునికీ, ఫలితం దక్కదని తెలిసినా రాయబారం నడిపిన కృష్ణునికీ ఉన్న భేదం ఇదే.

6. యాదవుల విభజన – ఉద్యోగపర్వం నుంచి మౌసలపర్వం దాకా:

కృష్ణుడు ఆయుధం పట్టకుండా ఒకవైపు, నారాయణ గోపాలుర సైన్యం మరొకవైపు వెళ్లడం అందరికీ తెలిసిన కథ. సమగ్రంగా చూస్తే విడిపోయింది యాదవకులమంతా. సాత్యకి పాండవపక్షం చేరాడు. కృతవర్మ ఒక అక్షౌహిణితో కౌరవపక్షం చేరాడు. బలరాముడు ఏ పక్షమూ చేరలేదు. నేటి పరిభాషలో చెప్పాలంటే మహాభారతంలో బహుపక్ష మైత్రిని పూర్తిగా ఆచరించినవారు యాదవులే. ఎవరు గెలిచినా ద్వారకకు గెలిచినవారితో మైత్రి మిగులుతుంది. యుద్ధానంతరం వారి స్థితి చూస్తే ఈ లెక్క ఫలించినట్లే కనిపిస్తుంది. ద్వారక చెక్కుచెదరలేదు. మిగిలిన కొద్దిమందిలో సాత్యకి, కృతవర్మ ఇద్దరూ ఉన్నారు.

ముప్పై ఆరేళ్ల తరువాత ప్రభాసతీర్థంలో ఈ లెక్క తలకిందులైంది. మద్యం మత్తులో సాత్యకి కృతవర్మను నిద్రిస్తున్నవారిని చంపినవాడవని ఎగతాళి చేశాడు. కృతవర్మ ప్రాయోపవిష్టుడైన భూరిశ్రవుని వధను ఎత్తిచూపాడు. సాత్యకి కృతవర్మ తల నరికాడు. ఆపై భోజాంధకులు సాత్యకిని, ప్రద్యుమ్నుని చంపారు. కులమంతా నశించింది. గాంధారి శాపం, మునుల శాపం ఈ నాశనానికి కారణాలని కావ్యం స్పష్టంగా చెబుతుంది. కాని శాపం ఏ రూపంలో ఫలించిందో కూడా కావ్యమే చెప్పింది. కలహానికి నిప్పు అంటుకున్నది కురుక్షేత్రంలో చెరొక పక్షాన నిలిచిన ఇద్దరు యాదవుల మధ్యనే, కురుక్షేత్రంలో జరిగిన అకృత్యాల గురించే. బయటి యుద్ధంలో పంచుకున్న పక్షాలు ఇంటిలోపలికి వచ్చాయి.

నారాయణ గోపాలుర సంగతి మరింత ఆలోచించదగినది. పడకసీనులో వారు ఒక సంఖ్య మాత్రమే. ఏ పక్షానికి వెళతారని వారిని ఎవరూ అడగలేదు. మూలంలోని ద్రోణపర్వంలో సంశప్తకులతో కలిసి అర్జునుని ఎదిరించినవారిలో ఈ నారాయణులు ఉన్నారు. వారిని చంపిన అర్జునుని రథాన్ని నడిపినది కృష్ణుడే. ఎంపిక ఎంత చతురమైనదైనా, అందులో తూకం వేసిన వస్తువులలో మనుషులున్నారని ఈ ఘట్టం చెబుతుంది.

ఉక్రెయిన్ యుద్ధంలో భారతదేశం ఏ పక్షానా లేదు. కాని భారతీయులు ఆ యుద్ధంలో ఉన్నారు. ఉద్యోగాల ఆశతో వెళ్లి రష్యా సైన్యంలో చేరవలసివచ్చిన భారతీయులలో కొందరు మరణించారు. వారిలో హైదరాబాదు యువకుడొకరు ఉన్నారు. యుద్ధం మొదలైన రోజులలో ఉక్రెయిన్ వైద్య కళాశాలల నుంచి బంకర్లు, సరిహద్దులు దాటి వచ్చిన విద్యార్థులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు ఎందరో. రాజ్యం తటస్థంగా ఉన్నంత మాత్రాన ప్రజలు యుద్ధానికి వెలుపల ఉండరు. విదేశాంగ నీతి ఫలితాలను లెక్కించేటప్పుడు వీరు ఏ పద్దులోకి వస్తారన్నది రాజనీతి వ్యాఖ్యాతలు ఇంకా అడగని ప్రశ్న.

7. పోలికకు గల హద్దులు:

ఇతిహాసానికీ వర్తమానానికీ మధ్య పోలికను పట్టుబట్టి లాగకూడదు. కురుక్షేత్రం దాయాదుల యుద్ధం. అక్కడి మైత్రులలో బంధుత్వం, ఋణం, ప్రతిజ్ఞ ప్రధానం. నేటి మైత్రులలో చమురు, ఆయుధాలు, సుంకాలు, సాంకేతికత ప్రధానం. పైగా కృష్ణుడు పర్యవసానం తెలిసినవాడు. ఏ ప్రభుత్వానికీ ఆ జ్ఞానం లేదు. ఫలానా దేశం అర్జునుడు, ఫలానా దేశం సుయోధనుడు అని పాత్రలు పంచడం వల్ల రాజనీతికీ మేలు లేదు, సాహిత్యవిమర్శకూ మేలు లేదు.

ఈ వ్యాసం ఒకే కూటమిలో చేరిపోవాలని వాదించడం లేదు. 1971 జూలైలో కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. ఆగస్టు 9న భారతదేశం సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుంది. అలీనదేశం ఒక అగ్రరాజ్యం వైపు మొగ్గవలసిన అవసరం ఆనాడు నిజంగానే ఏర్పడింది. పరిస్థితులను బట్టి పక్షాలు మారుతాయి. మహాభారతాన్ని సాక్ష్యంగా పిలిచేవారు ఆ సాక్ష్యాన్ని చివరిదాకా వినాలన్నదే ఈ వ్యాసం కోరేది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• ఉద్యోగపర్వం విజయసూత్రాల సంపుటి కాదు. సంధి యత్నమూ సేనాసమీకరణమూ జంటగా సాగినప్పుడు సంధికి చోటు ఎలా తగ్గుతుందో అది చూపుతుంది.

• శల్యుని ఘట్టం ప్రకారం, ఇరుపక్షాలకూ ఇచ్చిన మాటలు విడివిడిగా నిలబెట్టుకోగలిగినవే కావచ్చు. వాటి మొత్తం బరువును మాత్రం మాట ఇచ్చినవాడే మోయాలి. నేటి వ్యాపారమైత్రులలో ఆ బరువు తరచుగా నిర్ణయంలో భాగంలేని రైతుల మీద, శ్రామికుల మీద పడుతోంది.

• తటస్థతను ఓటు ఎటు పడిందన్న దానినిబట్టి కాక, దాని వల్ల నిలుపుకున్న గౌరవాన్ని శాంతి కోసం ఎంతగా వినియోగించారన్న దానినిబట్టి అంచనా వేయాలి. 1953లో కొరియాలో భారతదేశం నిర్వహించిన పాత్ర అందుకు కొలమానం కాగలదు.

• బహుపక్ష మైత్రికి మహాభారతంలో అసలైన ఉదాహరణ యాదవులు. వారి నీతి ఫలితాన్ని యుద్ధం ముగిసిన రోజున కాక, మౌసలపర్వంలో చూడాలి.

వర్తమాన రాజనీతి చర్చలో మహాభారతం ఉపయోగం పెరుగుతున్నకొద్దీ సాహిత్యవిమర్శకుల బాధ్యత కూడా పెరుగుతుంది. ఏ ఘట్టాన్ని ఉదాహరించారో పరిశీలించడంతో పాటు, దాని తరువాతి ఘట్టాన్ని ఎందుకు వదిలివేశారో అడగడం ఆ బాధ్యతలో భాగం. పదిహేను పర్వాలను ఒకే చేతితో అందించిన తిక్కన భారతం ఈ పనికి తెలుగు పరిశోధకులకు తగిన ఆధారం. స్త్రీపర్వ, శాంతిపర్వాలను కూడా ఈ దృష్టితో చదివినప్పుడు యుద్ధానంతర రాజ్యాధికార స్వరూపం గురించి మరిన్ని అంశాలు వెలుగులోకి వస్తాయి.